వర్డ్‌లో ఉన్నదే చాలా, జోటెరో వేసుకోవాలా?

పోయిన నెల థీసిస్ ఫార్మాటింగ్ గురించి నాలుగు ముక్కలు రాస్తే, వచ్చిన ప్రశ్నల్లో మార్జిన్ల సంగతి అడిగినవాళ్లు ఒకరో ఇద్దరో, మిగతా అందరిదీ రిఫరెన్సుల గోలే. అందుకే ఈసారి కాలమ్ మొత్తం దానికే ఇచ్చేస్తున్నా. జోటెరో అంటే తెలియనివాళ్లకి, అది మీ రిఫరెన్సులన్నీ దాచిపెట్టి, సైటేషన్లు (రాతలో ఎక్కడికక్కడ ఆధారం చూపే గుర్తులు), చివరి లిస్టు తయారుచేసిపెట్టే ఉచిత సాఫ్ట్‌వేర్. ఒకేలా ఉన్న ప్రశ్నలు కలిపేశాను, పేర్లు తీసేశాను, ఏమీ అనుకోకండి.

ప్రశ్న: నేను పీజీ ఫైనల్ ఇయర్. ప్రాజెక్ట్ రిపోర్టులో మహా అయితే ఇరవై ఐదు రిఫరెన్సులు ఉంటాయి. వర్డ్‌లోనే సైటేషన్ పెట్టుకునే ఆప్షన్ ఉందిగా అది చాలు అంటారు మా సార్. సీనియర్ అక్క మాత్రం జోటెరో వేసుకో, లేకపోతే తర్వాత ఏడుస్తావ్ అంటోంది. ఎవరి మాట వినాలి?

జవాబు: ఇద్దరూ చెప్పింది కరెక్టే, కాకపోతే ఇద్దరూ మిమ్మల్ని అడగాల్సిన ప్రశ్న అడగలేదు. ఎన్ని రిఫరెన్సులు అన్నది కాదండీ లెక్క, ఈ రిపోర్టు ఇచ్చేశాక ఆ లిస్టుతో మళ్లీ మీకు పని పడుతుందా లేదా అన్నది. ఇదే టాపిక్ మీద రేపు పీహెచ్‌డీ చేద్దామనో, పేపర్ రాద్దామనో ఉంటే అక్క మాట వినండి. రిపోర్ట్ ఇచ్చేసి ఉద్యోగంలో చేరిపోయే ఆలోచన ఉంటే సార్ మాట చాలు, గోటితో పోయేదానికి గొడ్డలి దేనికి.

వర్డ్‌లో ఈ సదుపాయం 2007 వెర్షన్ నుంచీ ఉంది, ఇన్నేళ్లలో దాని ముఖం పెద్దగా మారింది కూడా లేదు. రిఫరెన్సెస్ ట్యాబ్‌లోకెళ్లి ఇన్‌సర్ట్ సైటేషన్ నొక్కి కొత్త సోర్స్ యాడ్ చేస్తే ఒక ఫారం వస్తుంది, అందులో పుస్తకమా జర్నల్ వ్యాసమా వెబ్‌సైటా ఎంచుకుని రచయిత, పేరు, సంవత్సరం, పేజీలు అన్నీ మీరే టైప్ చేయాలి. ఒకసారి టైప్ చేస్తే ఎన్నిసార్లయినా వాడుకోవచ్చు, చివర్లో బిబ్లియోగ్రఫీ బటన్ నొక్కితే లిస్టు అదే తయారవుతుంది. దీనిలో నాకు నచ్చేది ఏంటంటే ఆ సోర్సులు డాక్యుమెంట్ ఫైల్ లోపలే ఉంటాయి, అంటే ఫైల్ ఎవరికి పంపినా వాళ్ల దగ్గర వేరే ఏదీ ఇన్‌స్టాల్ చేయకుండానే సైటేషన్లు మార్చుకోవచ్చు. ఈ ఒక్క విషయంలో వర్డ్ చాలావాటికన్నా మెరుగు, ఎవరూ చెప్పరు గానీ.

మొదలుపెట్టే ముందు ఒక్కటి మాత్రం చూసుకోండి, మీ డిపార్ట్‌మెంట్ అడిగే స్టైల్, అంటే రిఫరెన్సులు రాసే పద్ధతి, వర్డ్ లిస్టులో ఉందా అని. అక్కడ ఉండేవి డజను అటూఇటూ, ఏపీఏ, ఎంఎల్ఏ (రాజకీయాల్లోది కాదు), షికాగో, ఐట్రిపుల్ఈ వగైరా. వాటిలో పాతవి చాలా ఉన్నాయి. ఏపీఏ ఏడో ఎడిషన్ 2019 అక్టోబర్‌లోనే వచ్చింది, అయినా వర్డ్ చాలా వెర్షన్లలో ఏపీఏ పక్కన సిక్స్త్ ఎడిషన్ అనే కనబడుతుంది. తేడా చిన్నదేం కాదు. ఆరో ఎడిషన్‌లో పుస్తకానికి ప్రచురణకర్త ఊరు కూడా రాయాలి, ఏడులో అది ఎత్తేశారు. ముగ్గురు రచయితలుంటే ఏడులో మొదటిసారే ఒక్క పేరు రాసి ఎట్ ఆల్ (తదితరులు) అనేయొచ్చు, ఆరులో మొదటిసారి అందరి పేర్లూ రాయాల్సిందే. మెడికల్ వాళ్లు అడిగే వాంకూవర్ అయితే ఆ లిస్టులో అసలు లేనే లేదు. మీకు ఏపీఏ ఏడు కావాలని రాసి ఉంటే మాత్రం పాతిక రిఫరెన్సులకైనా సరే జోటెరో వైపు వెళ్లిపోండి, ఆఖరి రోజు రాత్రి కూర్చుని చేత్తో ఊర్లు చెరుపుకోవడం కన్నా అదే నయం.

ప్రశ్న: వర్డ్ నా రిఫరెన్సుల్ని పిచ్చిపిచ్చిగా మార్చేస్తోందండీ. వరల్డ్ హెల్త్ ఆర్గనైజేషన్ రిపోర్టు ఎంటర్ చేస్తే లిస్టులో "ఆర్గనైజేషన్, డబ్ల్యూ. హెచ్." అని వచ్చింది, మా గైడ్ నవ్వారు. ఇంకో రచయితవి రెండు పేపర్లు పెడితే బ్రాకెట్లో పేరు, సంవత్సరం మధ్యలో పేపర్ టైటిల్ మొత్తం వచ్చి కూర్చుంటోంది. కొత్తవి చేర్చినా చివరి లిస్టులో కనబడట్లేదు. ఇది బగ్గా, నా తప్పా?

జవాబు: మొదటిది మీ తప్పు, రెండోది వర్డ్ తప్పు, మూడోది ఎవరి తప్పూ కాదు.

వర్డ్‌కి ఆథర్ అన్న పెట్టెలో మీరేం రాసినా అది ఒక మనిషి పేరే అనుకుంటుంది. మూడు మాటలు కనబడగానే చివరిది ఇంటిపేరు, ముందున్న రెండూ పొడి అక్షరాలుగా కుదించేయాలి అని దాని లెక్క, పాపం దానికేం తెలుసు అది సంస్థ అని. ఆ ఫారంలోనే ఆథర్ పెట్టె కింద కార్పొరేట్ ఆథర్ అని ఒక టిక్ బాక్స్ ఉంటుంది, అది పెట్టి సంస్థ పేరు దాన్లో రాస్తే ఉన్నదున్నట్టు ఉంచేస్తుంది. జోటెరోకి వెళ్తే ఈ బాధ పోతుందనుకునేరు, అక్కడా ఇదే కథ. రచయిత పేరు దగ్గర రెండు పెట్టెలుంటాయి, పక్కనున్న చిన్న బటన్ నొక్కి ఒకే పెట్టెగా మార్చి సంస్థ పేరు వేయాలి. వర్డ్ బదులు కోడ్‌తో డాక్యుమెంట్ తయారుచేసే లేటెక్ వాడేవాళ్లయితే, రిఫరెన్సులు దాచుకునే బిబ్‌టెక్ ఫైల్‌లో పేరు చుట్టూ రెండేసి మీసాల బ్రాకెట్లు పెడతారు. మూడు చోట్లా చేసేది ఒకటే, ఇది మనిషి కాదు మహాప్రభో అని చెప్పడం.

ఇంటిపేరు ముందు రాసుకునే వాళ్ల పేర్లతో కూడా ఇదే తంటా. చివరి మాట అసలు పేరైతే, సాఫ్ట్‌వేర్ దాన్నే ఇంటిపేరు కింద లెక్కేసి లిస్టులో ఆ అక్షరం కింద పడేస్తుంది. వర్డ్‌లో అయితే ఆథర్ పెట్టె పక్కన ఎడిట్ నొక్కితే లాస్ట్, ఫస్ట్, మిడిల్ అని విడివిడి గళ్లు వస్తాయి, వాటిలో వేయండి. లేదా ఇంటిపేరు రాసి కామా కొట్టి అసలు పేరు రాయండి, కామా ముందున్నది ఇంటిపేరని దానికి అర్థమవుతుంది.

రెండోది చాలా పాత జబ్బు. ఏపీఏ స్టైల్‌లో ఒకే రచయితవి ఒకటికన్నా ఎక్కువ ఉంటే, ఏది ఏదో తెలియాలని వర్డ్ టైటిల్ దూర్చేస్తుంది, సంవత్సరాలు వేరుగా ఉన్నా సరే. సైటేషన్ మీద క్లిక్ చేసి పక్కనొచ్చే బాణంలో ఎడిట్ సైటేషన్‌కి వెళ్లి, అక్కడ సప్రెస్ కింద టైటిల్‌కి టిక్ పెట్టండి. ఒక్కో సైటేషన్‌కీ విడిగా చేయాలి, అవును, విసుగే. పేజీ నంబర్ వేయడం కూడా అదే డైలాగ్‌లో, పనిలో పని అదీ చూసుకోండి.

మూడోదానికి, లిస్టు దానంతటదే అప్‌డేట్ అవ్వదు. లిస్టు మీద క్లిక్ చేసి పైన వచ్చే అప్‌డేట్ నొక్కాలి, లేదా కంట్రోల్ ఏ కొట్టి ఎఫ్9 నొక్కితే సరి. సబ్మిట్ చేసే ముందు ఈ ఎఫ్9 మర్చిపోయి పాత లిస్టుతో ప్రింట్ తీసినవాళ్లలో నేనూ ఉన్నాను.

ప్రశ్న: పీహెచ్‌డీ రెండో సంవత్సరం. వర్డ్‌లోనే 140 సోర్సులు ఎంటర్ చేశాను, రెండు చాప్టర్లు అయ్యాయి. ఇప్పుడు ఒక చాప్టర్‌ని పేపర్‌గా పంపుదామంటే జర్నల్ వాళ్లు తమ సొంత నంబర్ల స్టైల్ అడుగుతున్నారు, అది వర్డ్‌లో లేదు. మొత్తం జోటెరోలోకి మార్చుకోవాలా? మళ్లీ 140 టైప్ చేయాలంటే ఏడుపొస్తోంది.

జవాబు: మార్చుకోండి, ఇప్పుడే. అయిదు చాప్టర్లయ్యాక ఈ ఉత్తరం రాసి ఉంటే నేను కూడా మీతో కలిసి ఏడ్చేవాణ్ని.

స్టైల్ విషయంలో తేడా ఎక్కడంటే, జోటెరో, దానిలాంటిదే ఇంకో సాఫ్ట్‌వేర్ మెండెలీ, రెండూ సైటేషన్ స్టైల్ లాంగ్వేజ్ అనే ఒక ఉమ్మడి పద్ధతి వాడతాయి, దాని భాండాగారంలో పదివేలకు పైగా స్టైల్స్ ఉన్నాయి, ఊరూపేరూ లేని జర్నల్ స్టైల్ కూడా వెతికితే దొరికే అవకాశాలే ఎక్కువ. డాక్యుమెంట్ ప్రిఫరెన్సెస్‌లోకెళ్లి స్టైల్ పేరు మారిస్తే బ్రాకెట్లో పేర్లు కాస్తా నంబర్లైపోతాయి, చివరి లిస్టు అక్షరక్రమం నుంచి వాడిన వరసలోకి సర్దుకుంటుంది. ఫుట్‌నోట్ స్టైల్ అడిగినా అంతే. వర్డ్ సొంత టూల్‌తో ఫుట్‌నోట్‌లో సైటేషన్ పెట్టొచ్చు గానీ, మొదటిసారి పూర్తి వివరం, రెండోసారి పొట్టి రూపం, వెంటనే మళ్లీ వస్తే ఐబిడ్ (పైదే) అనే తంతు దానికి చేతకాదు, చరిత్ర, న్యాయశాస్త్రం వాళ్లు వర్డ్ టూల్ దరిదాపులకి వెళ్లకపోవడానికి అదే కారణం.

ఇక మీ 140 సంగతి. మీరు ఎంటర్ చేసినవి రెండు చోట్ల ఉంటాయి, ఒకటి ఆ డాక్యుమెంట్ లోపల, రెండోది మీ కంప్యూటర్లో సోర్సెస్ డాట్ ఎక్స్ఎమ్ఎల్ అనే ఫైల్‌లో. మేనేజ్ సోర్సెస్ తెరిస్తే ఎడమ పక్క మాస్టర్ లిస్ట్, కుడి పక్క కరెంట్ లిస్ట్ కనబడతాయి. కుడి పక్కనుండి ఎడమ పక్క లేనివన్నీ సెలెక్ట్ చేసి కాపీ కొట్టండి, ముఖ్యంగా వేరే కంప్యూటర్లో రాసిన చాప్టర్ ఉంటే ఇది తప్పనిసరి. తర్వాత జాబ్‌రెఫ్ అని ఒక ఉచిత సాఫ్ట్‌వేర్ ఉంది, అది ఆ ఎక్స్ఎమ్ఎల్ ఫైల్‌ని చదవగలదు. దాన్లోకి ఇంపోర్ట్ చేసి, బిబ్‌టెక్ ఫైల్‌గా సేవ్ చేసి, ఆ ఫైల్‌ని జోటెరోలోకి తెచ్చుకోవడమే. మధ్యవర్తి పెళ్లి లాంటిది, రెండు వైపులా కాస్త సర్దుకోవాలి, కొన్ని వివరాలు అటుదిటు అవుతాయి.

నన్నడిగితే ఇంకో దారి చెప్తాను. మీ 140లో ఎక్కువ జర్నల్ వ్యాసాలే అయి ఉంటాయి కదా, వాటికి డీఓఐ నంబర్లుంటాయి, ఒక్కో వ్యాసానికీ విడిగా ఇచ్చే శాశ్వత గుర్తింపు నంబర్ అన్నమాట. జోటెరోలో మంత్రదండం బొమ్మతో ఒక బటన్ ఉంది, అక్కడ డీఓఐ పేస్ట్ చేస్తే వివరాలన్నీ అదే తెచ్చేసుకుంటుంది, పుస్తకాలకైతే ఐఎస్‌బీఎన్. ఒకేసారి బోలెడు నంబర్లు కూడా వేయొచ్చు. మీరు చేత్తో కొట్టినదానికన్నా ఇలా వచ్చిన డేటా శుభ్రంగా ఉంటుంది, ఒక సాయంత్రం పని.

శుభ్రంగా అన్నానని కళ్లు మూసుకోకండి, ఇల్లు అలకగానే పండగ కాదు. కొన్ని ప్రచురణకర్తల దగ్గర్నుంచి టైటిల్ మొత్తం క్యాపిటల్ అక్షరాల్లో వస్తుంది, కొన్నింటికి పేజీలు రావు, బ్రౌజర్ నుంచి తొందరపడి సేవ్ చేస్తే వ్యాసం కాస్తా వెబ్‌పేజీగా నమోదవుతుంది. టైటిల్ మీద రైట్ క్లిక్ చేస్తే సెంటెన్స్ కేస్ చేసే ఆప్షన్ ఉంది, అదొకటి అలవాటు చేసుకోండి. నా లైబ్రరీలో ఒకే పేపర్ మూడు రకాల స్పెల్లింగులతో మూడుసార్లు ఉండేది, రెండేళ్లు చూసుకోలేదు, థీసిస్ లిస్టులో మూడూ వరసగా నిలబడ్డాయి.

డాక్యుమెంట్‌లో ఇప్పటికే ఉన్న వర్డ్ సైటేషన్లు మాత్రం జోటెరో సైటేషన్లుగా వాటంతటవి మారవు, ఇది ముందే తెలుసుకుని దిగండి. ఒక్కోటీ తీసి కొత్తది పెట్టాల్సిందే. పంపాల్సిన చాప్టర్ ముందు చేయండి, రెండోది తీరిగ్గా. సగం వర్డ్‌వి సగం జోటెరోవి ఉంచేస్తే చివర్లో రెండు లిస్టులు వస్తాయి, ఒకదాని గురించి ఇంకోదానికి తెలియదు.

ఇంకొక్క మాట, ఇది నా నోరు కాలిన అనుభవం. జోటెరో డేటా ఫోల్డర్‌ని తీసుకెళ్లి క్లౌడ్‌లో సింక్ అయ్యే ఫోల్డర్‌లో పెట్టకండి. నేను తెలివిగా చేశాననుకుని అలాగే పెట్టాను, రెండు కంప్యూటర్లలో ఒకేసారి తెరిచి ఉంది, డేటాబేస్ ఫైల్ పాడైపోయింది, వారం పని పోయింది. జోటెరోకి దాని సొంత సింక్ ఉంది, రిఫరెన్సుల వివరాలకి పరిమితి లేదు, పీడీఎఫ్‌ల వంటి ఫైళ్లకి మాత్రమే ఉచితంగా 300 ఎంబీ. అది దాటితే ఫైళ్ల సింక్ ఆపేసి వివరాలు ఒక్కటే సింక్ చేసుకోవచ్చు. బ్యాకప్ వేరే, సింక్ వేరే. ఒకచోట పొరపాటున డిలీట్ చేస్తే సింక్ దాన్ని రెండోచోట కూడా నమ్మకంగా డిలీట్ చేస్తుంది, కాబట్టి జోటెరో మూసేసి ఫోల్డర్ మొత్తం నెలకోసారి పెన్‌డ్రైవ్‌లోకి కాపీ కొట్టుకోండి.

ప్రశ్న: ముగ్గురం కలిసి పేపర్ రాస్తున్నాం. నాది జోటెరో, ఒకరిది మెండెలీ, మూడో ఆయన ఏదీ వాడరు, చేత్తో రాసేస్తారు. ఫైల్ గూగుల్ డాక్స్‌లో ఉంది, చివర్లో వర్డ్‌లో పంపాలి. ఇప్పటికే గందరగోళంగా ఉంది.

జవాబు: గందరగోళం ఇంకా మొదలే కాలేదండీ, వర్డ్‌లోకి దించాక చూడండి.

రెండు పడవల మీద కాళ్లు అంటారే, మీరు మూడు పడవల మీదున్నారు. రిఫరెన్సులు పెట్టే పని ఒక్కరికే అప్పగించండి, మీకే. జోటెరోలో గ్రూప్ లైబ్రరీ అని ఉచితంగా పెట్టుకోవచ్చు, మెండెలీ ఆయన తన లిస్టుని ఆర్ఐఎస్ లేదా బిబ్‌టెక్ ఫైల్‌గా (ఇలాంటి సాఫ్ట్‌వేర్లన్నీ చదవగలిగే రూపాలు) ఎక్స్‌పోర్ట్ చేసి మీకిస్తే దాన్లో కలిపేయండి. చేత్తో రాసే ఆయన్ని మార్చాలని చూడకండి, పెద్దాయనై ఉంటారు. ఆయన రాసేచోట పక్కన కామెంట్‌లో డీఓఐ ఒక్కటి పడేయమనండి, మిగతాది మీరు చూసుకుంటారు.

మెండెలీని తక్కువ చేయట్లేదు, దానికి ఉచితంగా 2 జీబీ జాగా ఇస్తారు, ఆ విషయంలో జోటెరో కన్నా ఉదారమే. కాకపోతే అది 2013 నుంచి జర్నల్స్ ప్రచురించే ఎల్సెవియర్ కంపెనీ చేతిలో ఉంది, 2022లో పాత డెస్క్‌టాప్ యాప్ డౌన్‌లోడ్ ఆపేసి అందర్నీ కొత్త రిఫరెన్స్ మేనేజర్ వైపు తోశారు, పాతదానికి అలవాటుపడ్డవాళ్లు చాలా విసుక్కున్నారు. జోటెరో 2006లో జార్జ్ మేసన్ యూనివర్సిటీలో చరిత్ర చదివేవాళ్ల అవసరం కోసం పుట్టింది, లాభాపేక్ష లేని సంస్థ నడుపుతోంది, కోడ్ అందరికీ తెరిచే ఉంది. నా మొగ్గు అటే, దాచుకోవడం దేనికి.

గూగుల్ డాక్స్ నుంచి వర్డ్‌లోకి దించేటప్పుడు ఇది మర్చిపోకండి. నేరుగా డౌన్‌లోడ్ కొట్టారంటే సైటేషన్లు ఉత్త అక్షరాలైపోతాయి, జోటెరో వాటిని గుర్తుపట్టదు. గూగుల్ డాక్స్‌లో జోటెరో మెనూలో డాక్యుమెంట్ ప్రిఫరెన్సెస్‌కి వెళ్తే, స్విచ్ వర్డ్ ప్రాసెసర్స్ అని ఉంటుంది. ముందు ఫైల్‌కి ఒక కాపీ తీసుకుని, ఆ కాపీలో అది నొక్కి, అప్పుడు డౌన్‌లోడ్ చేసి వర్డ్‌లో తెరిచి రిఫ్రెష్ కొట్టండి. అన్నీ ప్రాణంతో వస్తాయి. గూగుల్ డాక్స్‌కి సొంతంగా ఒక సైటేషన్స్ టూల్ ఉంది, ఏపీఏ, ఎంఎల్ఏ, షికాగో మూడే ఇస్తుంది, చిన్న అసైన్‌మెంట్లకి ఓకే, మీ పేపర్‌కి వద్దు.

ప్రశ్న: ఎడిటర్ "ఫీల్డ్ కోడ్స్ తీసేసి పంపండి" అన్నారు. అంటే ఏంటి?

జవాబు: సైటేషన్ మీద క్లిక్ చేస్తే బూడిద రంగులో వెలుగుతుంది చూశారా, దాని వెనక దాగున్న సమాచారం తీసేసి మామూలు అక్షరాలుగా చేయమంటున్నారు. జోటెరోలో అన్‌లింక్ సైటేషన్స్ అని బటన్ ఉంది. వర్డ్ సొంతవైతే సైటేషన్ పక్కన బాణంలో స్టాటిక్ టెక్స్ట్‌గా మార్చే ఆప్షన్ ఉంటుంది, లిస్టుకీ అంతే. నెట్లో కంట్రోల్ ఏ, తర్వాత కంట్రోల్ షిఫ్ట్ ఎఫ్9 అని చెప్తారు, పని అవుతుంది గానీ విషయసూచిక, బొమ్మల నంబర్లు, పేజీ రిఫరెన్సులు అన్నీ కూడా దాంతోపాటే చచ్చిపోతాయి. ఏది చేసినా కాపీ మీద చేయండి, అసలు ఫైల్ ముట్టుకోకండి, రివ్యూ అయ్యి మళ్లీ మీ దగ్గరికే రాబోతోంది అది.

ప్రశ్న: మా సంస్థ ఎండ్‌నోట్ అనే రిఫరెన్సుల సాఫ్ట్‌వేర్‌కి లైసెన్స్ ఇచ్చింది. డబ్బులు పెట్టి కొన్నది కదా, అదే బెస్టా?

జవాబు: మంచిదే, పాతకాపు, పెద్ద పెద్ద లైబ్రరీలు తట్టుకుంటుంది, మీ పక్కన కూర్చునేవాళ్లంతా అదే వాడుతుంటే మీరూ అదే వాడండి, డౌటొస్తే అడగడానికి మనిషుంటాడు. అక్కడ్నుంచి బయటికొచ్చేటప్పుడు లైసెన్స్ సంస్థతోనే ఉండిపోవచ్చు, చివరి వారం కాకుండా ముందే లైబ్రరీ మొత్తం ఆర్ఐఎస్‌లోకి ఎక్స్‌పోర్ట్ చేసి దాచుకోండి.

ప్రశ్న: ఏఐ చాట్‌బాట్ ఇచ్చిన పది రిఫరెన్సులు జోటెరోలో వేసుకున్నాను. అందులో మూడింటికి డీఓఐ పనిచేయట్లేదు. జోటెరో ప్రాబ్లమా?

జవాబు: కాదండీ, ఆ మూడు పేపర్లు అసలు పుట్టి ఉండకపోవచ్చు. చేత్తో ఎంటర్ చేస్తే జోటెరో అయినా వర్డ్ అయినా కాదనకుండా తీసుకుంటాయి, అందంగా ఫార్మాట్ చేసి కూడా పెడతాయి, అబద్ధాన్ని ఏపీఏలో చూస్తే నిజంలాగే ఉంటుంది. మిగతా ఏడూ కూడా ఓసారి చూడండి, డీఓఐ పనిచేస్తోంది కదా అని ఊరుకోకుండా, తెరుచుకున్న పేపర్ టైటిల్, రచయితలు మీ దగ్గరున్నవాటితో సరిపోయాయా అని. డీఓఐ నిజమే, పేపర్ మాత్రం ఇంకేదో అయ్యుండే కేసులు కూడా ఉంటాయి. జోటెరో చేయగలిగిన సాయం ఒకటుంది, వెనక్కి తీసుకున్న పేపర్ మీ లైబ్రరీలో ఉంటే 2019 నుంచి అది రిట్రాక్షన్ వాచ్ డేటాబేస్‌తో పోల్చి ఎర్ర గుర్తు పెట్టి చెప్తుంది. లేని పేపర్‌కి మాత్రం ఏ గుర్తూ రాదు. ఆ మూడూ తీసేయండి, వాటికోసం రాసిన వాక్యాలు మీరు నిజంగా ఎక్కడైనా చదివి రాసినవైతే ఆ చదివింది వెతికి పెట్టండి, ఎక్కడా చదవలేదంటే వాక్యాలు కూడా తీసేయాల్సిందే.